పెన్న ఏట్లో కుటుంబ విడిది: పగలు తిప్ప మీద, పడక గట్టు మీద

కనుమ వెళ్లగానే నెల్లూరు జనం క్యారియర్లు కట్టుకుని పెన్న ఇసుకలోకి దిగిపోతారు. ఏటి పండగ నాడు పొద్దు వాలేదాకా ఏట్లోనే ఉండి, చీకటి పడేసరికి ఇల్లు చేరతారు. ఆ సరదాను ఇంకో పూట పొడిగించి, గుడారం వేసుకుని, పిల్లకాయలతో ఏటి ఒడ్డున ఒక రాత్రి గడిపి రావాలనుకునే కుటుంబాల కోసం ఈ మార్గదర్శి. ఇందులో లెక్కలన్నీ ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, రెండు పగళ్లు, ఒక రాత్రికి వేసినవి. మనుషులు పెరిగితే ఆ మేరకు పెంచుకోండి.

అన్నిటికన్నా ముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. ఏటి నడుమ తేలిన ఇసుక తిప్ప మీద పగలంతా ఆడుకోండి, తినండి, నీడ పందిరి వేసుకుని కునుకు తీయండి. రాత్రి పడక మాత్రం గట్టు మీదే. తిప్ప మీద గుడారం వేసి పడుకోవడం ఎంత ముచ్చటగా అనిపించినా వద్దు. దీనికి కారణం తెలిస్తే మిగతా జాగ్రత్తలు వాటంతటవే అర్థమవుతాయి.

నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి

పెన్నలో నీటి మట్టం మీ నెత్తిన ఉన్న మబ్బును బట్టి మారదు. పెన్న మీద ఎగువన కట్టిన సోమశిల జలాశయం సామర్థ్యం 78 టీఎంసీలు. అది నిండుగా ఉన్నప్పుడు ఎగువన కడప వైపు వాన పడితే, ఇక్కడ చుక్క రాలకపోయినా గేట్లు ఎత్తుతారు. 2021 నవంబరులో, పెన్నలో కలిసే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. అదే వరదలో దిగువన పెన్న పొంగి, నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయింది, జాతీయ రహదారి మీద రాకపోకలు నిలిచిపోయాయి. అంత పెద్ద వరద కాకపోయినా, కాలువలకు వదిలే నీళ్లు పెరిగినా, దిగువ అవసరాలకు గేటు కొంచెం ఎత్తినా మోకాలి లోతు పాయ నడుము లోతవుతుంది. ఆ పని రాత్రి రెండు గంటలకు కూడా జరగొచ్చు.

సోమశిల గేట్లు మూసి ఉన్నాయని నిశ్చింతగా ఉండడానికీ లేదు. ఆనకట్టకు దిగువన బొగ్గేరు, బీరాపేరు వచ్చి కలుస్తాయి. ఉదయగిరి కొండల్లో గట్టి వాన పడితే ఆ నీళ్లకు అడ్డు చెప్పే గేటు లేదు.

2022 సెప్టెంబరులో సంగం, నెల్లూరు బ్యారేజీలు ప్రారంభమయ్యాక ఇంకో సంగతి తోడైంది. బ్యారేజీకి ఎగువన నీళ్లు నిలవ ఉంటాయి. పైకి కదలిక లేకుండా నున్నగా కనిపిస్తాయి, అడుగున ఎంత లోతో ఎవరికీ అంతుపట్టదు. బ్యారేజీకి దిగువన లోతు తక్కువే, కానీ గేటు ఎత్తితే మొదటి దెబ్బ అక్కడే. ఈ రెంటికీ దగ్గరలో కాకుండా, ఏరు వెడల్పుగా పరుచుకుని పాయలుగా చీలి పారేచోటు వెతుక్కోండి.

ప్రకాశం జిల్లా వాళ్లకు గుండ్లకమ్మ ఏరు ఉంది. మల్లవరం దగ్గర ప్రాజెక్టుకు 2022 ఆగస్టులో ఒకసారి, 2023 డిసెంబరులో ఇంకోసారి గేటు కొట్టుకుపోయి నీళ్లు ఉన్నపళాన దిగువకు పోయాయి. కాబట్టి అక్కడా ఇదే పద్ధతి, ఒక్క మెట్టు కూడా తగ్గించొద్దు.

ఎప్పుడు వెళ్లాలి

మన జిల్లాలకు అసలు వాన ఈశాన్య రుతుపవనాలది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానులు, వాయుగుండాలు వస్తూనే ఉంటాయి. ఆ మూడు నెలలూ ఏటి వైపు చూడొద్దు. జనవరి రెండో వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా మంచి రోజులు. మార్చి మొదటి వారం దాటితే పగలు ఇసుక కాళ్లు కాలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో వడగాలులకు పిల్లల్నీ పెద్దవాళ్లనీ తీసుకెళ్లడం అనవసరమైన సాహసం. జూన్ తర్వాత సాయంత్రం గాలివానలు, పిడుగులు.

పౌర్ణమికి రెండు రోజులు అటూ ఇటూ చూసుకుంటే రాత్రి టార్చి పని సగం తగ్గుతుంది. శివరాత్రికి సోమశిల ఒడ్డున జనం కిక్కిరిసి ఉంటారు, కుటుంబ విడిదికి ఆ రోజు వదిలేయండి.

చోటు చూసుకోవడం

బయల్దేరే ముందు వారంలో ఒక పూట పెద్దవాళ్లలో ఇద్దరు వెళ్లి చూసి రావాలి. ఫొటో చూసి చోటు ఖాయం చేసుకోవద్దు. ఇసుక ఏరు ప్రతి వరదకూ రూపు మార్చుకుంటుంది. నిరుడు ఉన్న తిప్ప ఈ ఏడు ఉండకపోవచ్చు.

గట్టు మీద గుడారం చోటు తేల్చడానికి ఏటి ఒడ్డు తుమ్మ చెట్లే గుర్తు చెబుతాయి. కొమ్మల్లో రెల్లు గడ్డి, ప్లాస్టిక్ సంచులు, ఎండిన చెత్త ఇరుక్కుని వేలాడుతుంటాయి. మొన్నటి వరద ఆ ఎత్తు దాకా వచ్చిందన్నమాట. ఆ చెత్త గీతకు పైన, కనీసం ఒక మనిషి ఎత్తు పైన ఉన్న నేల చూడండి. పొర్లుకట్ట ఉన్నచోట కట్టకు ఊరి వైపున దిగితే ఇంకా మేలు. కట్ట నెత్తిన మాత్రం గుడారం వేయకూడదు. దాని మీద రాత్రిళ్లు ట్రాక్టర్లు, బైకులు తిరుగుతాయి. కట్టకు గునపం దించడమూ తప్పే.

తాటి చెట్టు, కొబ్బరి చెట్టు కింద వేయొద్దు, మట్టలు రాలతాయి. సర్కారు తుమ్మ కింద నేల మీద ఎండు ముళ్లు కనపడకుండా ఉంటాయి, గుడారం అడుగు చిల్లులు పడుతుంది. వేప, చింత, కానుగ నీడ దొరికితే అదృష్టమే. పుట్టలు, ఎలుక బొరియలు, రాళ్ల గుట్టలు, గడ్డివాములు, జమ్ము గుబురులకు కనీసం 30 అడుగుల దూరం పాటించండి. పాములకు అవే ఇళ్లు.

గట్టు పక్కన నేల చాలావరకు ఎవరిదో ఒకరి పట్టా భూమి. రైతును అడగండి. అడిగితే కాదనేవాళ్లు తక్కువ, అడక్కుండా దిగితే మాత్రం గొడవే. ఊళ్లో సచివాలయంలోనూ, మీ స్టేషన్ పరిధి పోలీసులకూ ఒక మాట చెప్పి, మీ ఫోన్ నంబరు ఇచ్చి రండి. గేట్లు ఎత్తేముందు దిగువ ఊళ్లలో చాటింపు వేయిస్తారు. ఆ చాటింపు గట్టు మీద గుడారంలో ఉన్న మీకు వినపడదు. ఊళ్లో ఒక మనిషికి మీరు అక్కడున్నారని తెలిస్తే ఫోన్ వస్తుంది. ప్రాజెక్టు కట్ట, గేట్ల పరిసరాలు జలవనరుల శాఖవి, అడవి పక్కనైతే అటవీ శాఖవి. అక్కడ నోటి మాట చాలదు, అనుమతి కాగితం తీసుకోండి.

చూసొచ్చే రోజునే ఇంకో పని పూర్తి చేయండి. ఏట్లో గొర్రెలు తోలేవాళ్లు, వల వేసేవాళ్లు ఉంటారు. ఏ పాయలో గుంతలున్నాయి, ఈ పది రోజుల్లో నీళ్లు పెరిగాయా తగ్గాయా అని వాళ్లనే అడగండి. వాళ్లకు తెలిసినంత ఏ మ్యాపుకూ తెలియదు.

ఇసుక గుంతలు

పెన్నలో ప్రాణాలు తీసేది ప్రవాహం ఒక్కటే కాదు, ఇసుక తవ్విన గుంత కూడా. మోకాలి లోతులో నడుస్తున్న పిల్లవాడు ఒక్క అడుగు అవతల రెండు నిలువుల లోతులో పడిపోతాడు. గుంత అంచు నిటారుగా ఉంటుంది, పట్టుకుంటే ఇసుక జారి మీదికే వస్తుంది. అందుకే ఈత వచ్చినవాళ్లు కూడా గట్టెక్కలేరు.

గుంతను గుర్తుపట్టే ఆనవాళ్లు ఇవి. చుట్టూ నీళ్లు తేట బంగారు రంగులో ఉంటే అక్కడ ఒక్క చోట నల్లగా, పచ్చగా కనిపిస్తుంది. చుట్టూ చిన్న అలలు గలగలమంటుంటే అక్కడ మాత్రం పైభాగం అద్దంలా కదలకుండా ఉంటుంది. ట్రాక్టర్ చక్రాల జాడలు నేరుగా నీళ్లలోకి పోయి ఆగిపోతాయి. పాత గుంతల మీద ఒండ్రు పేరుకుంటే నేలలాగే కనిపిస్తుంది, కాలు పెడితే తొడ దాకా దిగబడుతుంది. ఈ గుర్తుల్లో ఒక్కటి కనిపించినా ఆ పాయనే వదిలేయండి.

పాయ దాటి తిప్పకు చేరడం

దాటేచోటు ఇరుకుగా కాదు, వెడల్పుగా ఉండాలి. ఏరు ఇరుకైనచోట లోతెక్కువ. వెడల్పుగా పరుచుకుని, అడుగు ఇసుక గీతలు పైకి కనిపించేచోట లోతు తక్కువ.

ముందు ఒక్కరే వెళ్లాలి. చేతిలో మనిషి ఎత్తు వెదురు కర్ర, కాళ్లకు పట్టీ ఉన్న చెప్పులు. ప్రతి అడుగుకూ ముందు కర్రతో పొడిచి చూడాలి. కర్ర చప్పున దిగిపోతే వెనక్కి. ముఖం ఎగువ వైపు పెట్టి, కొంచెం ఏటవాలుగా నడవాలి. అప్పుడు ప్రవాహం కాళ్ల వెనక నుంచి నెట్టదు. వెళ్లినవాళ్లు అవతల తిప్ప మీద ఒక కర్ర, ఇవతల ఒడ్డున ఒక కర్ర పాతి వాటికి ఎర్రగుడ్డ కట్టాలి. వస్తూ పోతూ అందరూ ఆ రెండు గుడ్డల దారిలోనే నడవాలి.

లోతుకు కొలత ఒక్కటే: మీలో పొట్టిగా ఉన్న పెద్దమనిషి మోకాలు. దానికి మించితే ఆ రోజు తిప్ప లేదు, ఒడ్డునే ఆడుకోవడం. చిన్నపిల్లల్ని భుజాన ఎక్కించుకుని దాటించొద్దు. మోసేవాళ్లు జారితే ఇద్దరూ పోతారు. పిల్లకు లైఫ్ జాకెట్ తొడిగి, ఇద్దరు పెద్దలు చెరో చేయి పట్టుకుని నడిపించాలి. పదేళ్ల లోపు పిల్లలు, నడవలేని పెద్దవాళ్లు దాటక తప్పని పరిస్థితి లేనే లేదు. ఒడ్డు ఇసుక వాళ్లకు చాలు.

లైఫ్ జాకెట్ పిల్ల బరువుకు సరిపడేది కావాలి. తొడిగి బెల్టులన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం, చెవులు దాటి పైకొస్తే అది ఆ పిల్లకు పెద్దది. గాలి నింపే ట్యూబులు, బొమ్మ పడవలు పూర్తిగా నిషేధం. గాలికి అవి పాయ నడుమకు కొట్టుకుపోతాయి, వాటి వెంట పిల్లలు పోతారు.

నీళ్ల కాపలా

తిప్ప చేరిన మరుక్షణం నీటి అంచున ఒక పుల్ల పాతండి. సరిగ్గా నీళ్లు తాకేచోట, లోపలికీ బయటికీ కాదు. దాని మీద నీటి మట్టం దగ్గర మార్కరుతో గీత. పక్కనే బెత్తెడు పైన ఇంకో గీత. ప్రతి అరగంటకూ ఒకరు వెళ్లి చూడాలి. నీళ్లు రెండో గీత వైపు నాలుగు వేళ్లు పాకితే సామాను సంగతి తర్వాత, ముందు మనుషులు గట్టెక్కాలి.

పుల్ల కంటే ముందే ఏరు చెప్పే సంగతులు కొన్ని ఉన్నాయి. తేట నీళ్లు ఉన్నట్టుండి మట్టి రంగు తిరుగుతాయి. ఎండు ఆకులు, రెల్లు, నురుగు తేలి వస్తాయి. గలగల పోయి హోరు మొదలవుతుంది. ఇందులో ఏ ఒక్కటి గమనించినా పుల్ల దాకా పోకుండానే బయల్దేరండి.

నీళ్లలో పిల్లలున్నంతసేపూ ఒక పెద్దమనిషికి ఇంకో పని ఉండకూడదు. ఫోన్ పక్కన పెట్టాలి, వంట చూడకూడదు, కబుర్లు చెప్పకూడదు. అరగంటకొకరు మారండి. మునిగే పిల్ల కేకలు వేస్తుందని చాలామంది అనుకుంటారు. వేయదు. నోరు నీటి మట్టానికి వస్తుంది, ఊపిరికే చాలదు, చప్పుడు లేకుండా పోతుంది. దూరం నుంచి చూస్తే ఆడుకుంటున్నట్టే ఉంటుంది.

ఆదుకోవడానికి ఒక సాధనం ఇంట్లోనే చేసుకోవచ్చు. ఐదు లీటర్ల ఖాళీ ప్లాస్టిక్ క్యాన్ తీసుకుని, విసరడానికి బరువు ఉండేట్టు గ్లాసుడు నీళ్లు పోసి, మూత గట్టిగా బిగించండి. పిడికి 15 మీటర్ల నైలాన్ తాడు కట్టండి. ఎవరైనా కొట్టుకుపోతుంటే దాన్ని వాళ్ల తల అవతల పడేట్టు విసిరి లాగాలి. మీరు దూకొద్దు. మునిగేవాళ్లు పట్టుకుంటే ఈతగాడైనా మునుగుతాడు. ఇంటి ముందు నేల మీద పదిసార్లు విసిరి చూసుకోండి, మొదటి మూడు నాలుగు పక్కకే పోతాయి.

నీళ్లు పెరిగి మీరు తిప్ప మీదే చిక్కుకుపోతే, పాయ మోకాలు దాటిందంటే దాటే ప్రయత్నం చేయొద్దు. తిప్పలో ఎత్తైన చోటికి చేరి, లైఫ్ జాకెట్లు తొడిగి, 112కి ఫోన్ చేయండి. ఊరి పేరు, మండలం, దగ్గరి గుడి లేదా పంపు హౌసు గుర్తు చెప్పండి. ఇవన్నీ ముందే ఒక కాగితం మీద రాసి ప్రతి పెద్దమనిషి జేబులోనూ పెట్టుకోవాలి. కంగారులో ఊరి పేరు కూడా నోటికి రాదు.

గుడారం నిలబెట్టడం

నలుగురికి అని రాసి ఉన్న గుడారంలో నలుగురు ఇరుక్కుని పడుకోవాలి, సంచులకు చోటుండదు. ఆరుగురి గుడారం తీసుకోండి. పైన వేరే వాన తెర, తలుపుకు దోమతెర, రెండు వైపులా గాలి కిటికీలు ఉండాలి. కొన్న రోజే ఇంటి మేడ మీద ఒకసారి పూర్తిగా నిలబెట్టి విప్పండి. ఏటి ఒడ్డున సాయంత్రం వెలుగు తగ్గుతుండగా కాగితం చూసి నేర్చుకునే పని కాదది.

గుడారంతో వచ్చే జానెడు తీగ మేకులు మన నేలకు పనికిరావు. గట్టు మీద గట్టి ఒండ్రు నేలైతే వెల్డింగ్ షాపులో 8 మిల్లీమీటర్ల ఇనుప చువ్వను అడుగు పొడవుకు కోయించి, పైన కొక్కెం వంచించుకోండి. పది చాలు. మేకు తల గుడారానికి అవతలి వైపు వాలేట్టు ఏటవాలుగా కొట్టాలి.

ఇసుక నేలైతే ఏ మేకూ ఆగదు. ఖాళీ ఐదు కిలోల బియ్యం సంచులు ఆరు తీసుకెళ్లండి. సంచిలో ఇసుక నింపి మూతి కట్టి, నడుముకు తాడు బిగించండి. గుడారం మూల నుంచి మూడడుగుల దూరంలో అడుగున్నర లోతు గుంత తీసి, సంచిని తాడుకు అడ్డంగా పడుకోబెట్టండి. తాడు గుంత అంచు మీద వంగకుండా, గుడారం వైపు ఏటవాలుగా చిన్న గాడి తీసి అందులోంచి బయటికి తేవాలి. ఈ గాడి తీయకపోతే తాడు లాగినకొద్దీ సంచి పైకి లేస్తుంది. చాలామంది గుడారాలు ఊడిపోయేది ఇందుకే. గుంత పూడ్చి, కాలితో తొక్కి, రెండు చెంబుల నీళ్లు పోయండి. తడి ఇసుక బిగుసుకుంటుంది. నాలుగు మూలలకు నాలుగు, వాన తెరకు ఎదురెదురుగా రెండు. పది నిమిషాలాగి తాళ్లు మళ్లీ బిగించండి. మొదటిసారి కట్టినవి తప్పకుండా వదులవుతాయి.

నిలబెట్టే క్రమం ఇదీ. నేల మీద ముళ్లు, రాళ్లు చేత్తో తడిమి ఏరండి. టార్పాలిన్ పరవండి. దాని అంచులు గుడారం బయటికి రాకుండా లోపలికి మడవాలి. బయటికొస్తే మంచు నీళ్లు దాని మీద పడి గుడారం కిందికి పారుతాయి. తర్వాత గుడారం పరిచి, కర్రలు దూర్చి, ఇద్దరు ఎదురెదురుగా ఒకేసారి వంచి లేపాలి. ఒక్కరే వంచితే ఫైబర్ కర్ర కీలు దగ్గర చీలుతుంది. తలుపు గాలికి ఎదురుగా ఉండకూడదు. చివరగా వాన తెర. లోపలి గుడ్డకూ తెరకూ నడుమ నాలుగు వేళ్ల సందు ఉండాలి. జనవరి రాత్రిళ్లు ఏటి పక్కన మంచు వానలా కురుస్తుంది. తెర లోపలి గుడ్డకు ఆనుకున్నచోట తెల్లవారుజామున చుక్కలు పడతాయి. చలి అని కిటికీలు మూస్తే మన ఊపిరి తేమే గోడలకు పట్టి పడకలు తడుస్తాయి. కిటికీలు సగం తెరిచే ఉంచండి.

ఈ పనంతా సాయంత్రం నాలుగున్నరకు మొదలుపెట్టి ఐదున్నరకు ముగించాలి. అంటే నాలుగు గంటలకల్లా తిప్ప మీది నుంచి అందరూ గట్టుకు చేరిపోవాలి.

తాగునీరు, చెలమ

తాగడానికి మనిషికి రోజుకు మూడు లీటర్లు, నలుగురికి రెండు రోజులకు 24. వంటకు, చేతులకు ఇంకో 16. మొత్తం 40 లీటర్లు, రెండు క్యాన్లు. మూడో క్యాన్ కారులో ఆపదకు. గిన్నెలు తోమడానికి, కాళ్లు కడగడానికి ఏటి నీళ్లు సరిపోతాయి.

పిల్లలకు చెలమ తీయడం నేర్పండి. నీటి అంచుకు పది అడుగుల దూరంలో ఇసుకలో రెండడుగులు తవ్వితే నీళ్లు ఊరతాయి. మొదట బురదగా వస్తాయి. మూడుసార్లు పూర్తిగా తోడి పోశాక అడుగు ఇసుక గింజలు లెక్కపెట్టగలిగినంత తేటగా నిలుస్తాయి. చూడ్డానికి ఎంత తేటగా ఉన్నా కాచకుండా తాగకూడదు. ఎగువన పశువులు దిగుతాయి, ఊళ్ల మురుగు కలుస్తుంది. వెళ్లేటప్పుడు చెలమ పూడ్చేయండి, చీకట్లో గొర్రె కాలో మనిషి కాలో విరుగుతుంది.

వంట

చేపల పులుసు ఏటి ఒడ్డున వండాలని అందరికీ ఉంటుంది. మా సలహా ఇంట్లో పొద్దున్నే చేసి తెచ్చుకోమని. చింతపండు పులుపుతో అది రాత్రికి చెడదు, ఇంకా రుచి తేలుతుంది. పచ్చి చేపలు అక్కడ కడిగితే ఆ నీచుకు కుక్కలు, నక్కలు రాత్రంతా గుడారం చుట్టూ తిరుగుతాయి. కొరమీనైతే ముక్క విరగకుండా ప్రయాణం తట్టుకుంటుంది. పులుసు కొంచెం చిక్కగా దించి, స్టీలు డబ్బాలో పోసి, తినేముందు తెర్లేదాకా కాచాలి. గోరువెచ్చన చాలదు.

మొదటి మధ్యాహ్నానికి అరకిలో బియ్యం పులిహోర. రాత్రికి అన్నం, 450 గ్రాముల బియ్యం, పులుసు, అప్పడాలు. పొద్దున ఉప్మా, గ్లాసు రవ్వకు రెండున్నర గ్లాసుల నీళ్లు, నలుగురికి రెండు గ్లాసుల రవ్వ. తాలింపు గింజలు, ఎండుమిర్చి ఇంట్లోనే ఒక పొట్లం కట్టుకోండి. పెరుగు తేవొద్దు, పులుస్తుంది. కాచిన పాలు చల్లార్చి మధ్యాహ్నం తోడు పెడితే రాత్రికి కమ్మని పెరుగు.

ఐదు కిలోల చిన్న గ్యాస్ సిలిండరు, దాని మీద బర్నరు ఉంటే వంట సులువు. గాలికి మంట ఆరకుండా మూడు వైపులా రేకు అడ్డు పెట్టాలి, సిలిండరు చుట్టూ మాత్రం మూయకూడదు, వేడెక్కుతుంది. కట్టెల పొయ్యే కావాలంటే ఐదారు కిలోల సరుగుడు కట్టె కొనుక్కెళ్లండి, చెట్టు కొట్టొద్దు. పొయ్యికి ఏటి రాళ్లు పెట్టొద్దు. లోపల తేమ ఆవిరై రాయి ఫట్‌మని పగిలి ముక్కలు ముఖాన కొడతాయి. మూడు ఇటుకలు తీసుకెళ్లడం మేలు.

పొయ్యి గుడారానికి గాలివాలున పది అడుగుల అవతల. ఆర్పేటప్పుడు ఇసుక కప్పి వదిలేయకండి. కప్పిన నిప్పు లోపల గంటల తరబడి అలాగే ఉంటుంది, పైకి మామూలు ఇసుకలా కనిపిస్తుంది, తెల్లారి పిల్లలు దాని మీదే కాలేస్తారు. నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, చేతి వెనక వైపుతో పైన తడిమి వేడి లేదని తేలాకే వదలాలి. బొగ్గుల కుంపటి, దోమల చుట్ట గుడారం లోపలికి ఎట్టి పరిస్థితిలోనూ తేకూడదు. పొగ కంటే కనపడని విషవాయువు ముందు చంపుతుంది.

మరుగు

ఇక్కడ బద్ధకించొద్దు. పెన్న ఇసుకలో వేసిన ఊటబావుల నీళ్లే చుట్టుపక్కల ఎన్నో ఊళ్లకు తాగునీరు. ఇసుకలో మలం తొందరగా కుళ్లదు, నీళ్లలోకి దిగుతుంది. తిప్ప మీద అసలే వద్దు. గట్టు మీద, నీటికి కనీసం 200 అడుగుల దూరంలో, మట్టి నేలలో జానెడు లోతు గుంత తీసి, పని కాగానే పూడ్చాలి. ఆడవాళ్లకు, పెద్దవాళ్లకు వీలుగా నాలుగు కర్రలకు పాత దుప్పటి చుట్టి మరుగు కట్టి, మడత కమోడ్ కుర్చీ వేయండి. పసిపిల్లల డైపర్లు, తడి కాగితాలు పూడ్చకూడదు, సంచిలో ఇంటికే.

రాత్రి

కట్లపాము ఎక్కువగా రాత్రి నేల మీద పడుకున్నవాళ్లనే కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు, కాటు గుర్తు కూడా కనపడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపు నొప్పి, వాంతులు, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే పాము చూడకపోయినా కాటు వేసిందనే అనుకోవాలి. ఊపిరి కండరాలు పడిపోకముందే ఆసుపత్రికి చేరాలి.

గుడారం జిప్పు అడుగు దాకా మూసి ఉంచడమే సగం రక్షణ. ఆ జిప్పు వెనకాలే అన్నం మెతుకులు, చిరుతిళ్లు లేకుండా చూసుకోవడం మిగతా సగం. మెతుకులకు ఎలుకలు, ఎలుకలకు పాములు వస్తాయి. దీపం గుడారం దగ్గర కాదు, పదిహేను అడుగుల దూరంలో చెట్టుకు కట్టండి. వెలుగుకు పురుగులు, పురుగులకు కప్పలు, కప్పలకు మళ్లీ పాములే. చెప్పులు లోపల సంచిలో పెట్టి, తొడిగేముందు దులపాలి. రాత్రి బయటికి పోవాలంటే టార్చి, మూసిన చెప్పులు, తోడు ఒకరు.

పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం, మంత్రం ఏదీ వద్దు. కరిచిన కాలు లేదా చేయి కదలకుండా కర్రకు వదులుగా కట్టి, ఉంగరాలు, గొలుసులు తీసేసి, మోసుకుంటూ కారెక్కించండి. 108కి ఫోన్ చేసి ఎదురు వెళ్లండి. విషానికి మందు ఆసుపత్రిలో ఎక్కించే ఇంజెక్షనే. ఆత్మకూరు, నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మీ చోటుకు ఏది దగ్గరో, ఆ దారి రాత్రిపూట ఎంతసేపో ముందే చూసుకోండి. ఎర్ర తేలు పిల్లల్ని కుడితే నొప్పితో సరిపోదు. చెమటలు, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడటం కనిపిస్తే అదీ ప్రాణం మీదికి వచ్చిందే, అదే పరుగు.

కారు ముక్కు రోడ్డు వైపు తిప్పి, గట్టి నేల మీద, దారికి అడ్డం లేకుండా నిలపండి. తాళం చెవి ఎక్కడుందో పెద్దలందరికీ తెలియాలి. కారును ఇసుకలోకి దింపొద్దు.

దోమలు సూర్యాస్తమయం తర్వాత రెండు గంటలు ఎక్కువ. ఆ వేళకు పొడుగు చేతుల చొక్కాలు, నిండు పైజామాలు వేయించండి. నెలల పిల్లలకు దోమల క్రీములు రాయకుండా దోమతెరలోనే ఉంచండి. తెల్లవారుజామున చలి ఎముకల్లోకి దిగుతుంది. పడక కింద మందపాటి చాప, దాని మీద బొంత ఉంటే పైన పల్చటి రగ్గు చాలు. చలి కింద నుంచే ఎక్కువ వస్తుంది.

తిరుగు ప్రయాణం

పొద్దున ఎండ రాగానే వాన తెర విప్పి కంప మీద కాకుండా తాడు మీద ఆరేయండి. ఉప్మా తిని, తిప్ప మీదికి ఇంకోసారి పోవాలనుకుంటే నిన్నటి గీతలు నమ్మకండి. పుల్ల కొత్తగా పాతి, కర్రతో దారి మళ్లీ చూసుకోవాలి. రాత్రిలో పాయ అడుగు మారిపోతుంది. పది గంటలకల్లా నీళ్లలోంచి రావడం, పదకొండుకల్లా బయల్దేరడం మంచిది.

సంచుల్లో నింపిన ఇసుక అక్కడే ఒంపి సంచులు తెచ్చుకోండి. విస్తరాకులు తప్ప ప్రతి ప్లాస్టిక్ ముక్కా మీ కారులోకే. ఎర్రగుడ్డల కర్రలు పీకేయండి. ఇంకెవరైనా చూసి ఆ దారి ఇప్పటికీ భద్రమేనని దిగుతారు.

ఇంటికొచ్చాక గుడారం మళ్లీ ఒక పూట నీడలో ఆరేయాలి. తడిగా మడిస్తే వారంలో బూజు మచ్చలు వస్తాయి, అవి పోవు. జిప్పు పళ్లలో ఇరుక్కున్న ఇసుకను పాత టూత్ బ్రష్‌తో దులిపి, కొవ్వొత్తి ముక్కతో రెండుసార్లు రుద్దండి. వచ్చే ఏడు జిప్పు అడుగు దాకా పడుతుంది.